పాదుల్లో దిగిన సెన్సర్లు

మంగళవారం, విస్సన్నపేట

ఒళ్ళు మండిపోతోంది. భూమి లోపలి పొరలు ఇంకాస్త స్పష్టంగా కనిపించాలని మామిడి తోటలో సెన్సర్లు రెట్టింపు పెట్టించాను. నేలలో పుట్టే అదురును అవి పట్టుకోవాలని రోజంతా ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టించాను. సాయంత్రం కంప్యూటర్లో చూస్తే పొరల బొమ్మంతా అలికేసినట్టుంది! సెన్సర్లన్నీ చెట్ల పాదుల్లో, తవ్వి గుల్ల చేసిన మట్టిలో ఉన్నాయి; అక్కడ అదురు సరిగ్గా అందదు. రేపు తోటకు నీళ్ళు పెడతారు, మళ్ళీ కొట్టే వీల్లేదు. గట్టి నేలలో గుచ్చాలని తెలియదా అంటూ కూలీల మేస్త్రి మంగమ్మ మీద అరిచాను.

"ఎరువేసినా ఏమేసినా మేం పాదులోనే వేస్తామండీ. అందుకే పొద్దున అడిగాను, పాదులోనేనా అని. మీరు ఊఁ అన్నారు కదండీ."

అన్నాను. ఇక్కడివాళ్ళకి ప్రతిదీ దగ్గరుండి చెప్పాలని ఆఫీసుకి ఫోన్లో విసుక్కుంటూ, ఆమె వైపు చూడకుండానే అన్నాను.