తొమ్మిదో లెవెల్లో రోడ్డు మీద మిగిలినామె

ఫిబ్రవరి 3
పదకొండు ప్రాజెక్టులు దిద్దాలి. గేమ్ డెవలప్‌మెంట్ పేపర్ ఈ ఏడాదే నా నెత్తిన పడింది. పొద్దున వీడియోలు చూసి నేర్చుకోవడం, మధ్యాహ్నం అదే క్లాసులో చెప్పడం. పిల్లలు ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగితే నా పని అయిపోయినట్టే. కాంట్రాక్టు లెక్చరర్ని — ఏప్రిల్‌లో రెన్యువల్.

ఫిబ్రవరి 4
కర్ణాటక సరిహద్దులోని హొళగుంద నుంచి వచ్చే అమ్మాయి శివలీల గేమ్ ఆడుతున్నాను. షేర్ ఆటో పజిల్. రోడ్డు మీద నిలబడ్డవాళ్లందరినీ ఆటోలో కూర్చోబెట్టాలి. ఒక్కరు మిగిలినా ఓడినట్టే. ఎనిమిది లెవెల్స్ చకచకా అయిపోయాయి. తొమ్మిదో దాంట్లో చంకన బిడ్డతో ఒకామె మిగిలిపోతోంది. వెనక సీట్లన్నీ నిండాయి. డ్రైవర్ పక్కన ఖాళీ ఉంది, కానీ అక్కడ పెడితే ఆమె మళ్లీ రోడ్డు మీదికే వచ్చేస్తోంది.

రెండు గంటలు. తల వాచిపోయింది.

బగ్. ఇంకేముంది.

ఫిబ్రవరి 6
"లెవెల్ 9 పూర్తి కాదు. పరీక్షించకుండానే ఇచ్చేశారు" — ఎర్ర ఇంకుతో రాశాను. పాస్ మార్కుకు మూడు తక్కువ.

శివలీల కాగితం పట్టుకుని నిలబడింది. "మేడమ్, ఒక మాట సెప్తా... ఆ లెవెల్లో..."

"వాదించొద్దు" అన్నాను. క్లాసంతా వింటోంది మరి. ఆ పిల్ల నాలుగు మాటలు మాట్లాడితే రెండు కన్నడం. తల దించుకుని కూర్చుంది.

మార్కులు ఆఫీసులో ఇచ్చేశాను.

ఫిబ్రవరి 7
శివలీల రాలేదు. ప్రాజెక్టు పోతే ఇంకో ఏడాది చదవాలి, వాళ్ల నాన్న పంపడు అని ఆమె స్నేహితురాలు వచ్చి చెప్పింది. నాకెందుకు చెప్పడం? నేనేం చేయను?

ఫిబ్రవరి 10
ఈ రోజూ రాలేదు.

ఫిబ్రవరి 11


ఆదోనిలో బస్సు లేటు. ఎమ్మిగనూరు బస్టాండులో దిగేసరికి కాలేజీ వైపు పోయే ఆటో నిండిపోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి అరిచాడు. "ఓ అన్నా, నువ్వు ముందుకు రాప్పా. మేడమ్ యాడ కూసుంటాది?" వెనక సీట్లో కండువా వేసుకున్న ఒకాయన దిగి, డ్రైవర్ పక్కన సర్దుకున్నాడు. నేనెక్కి ఆయన సీట్లో కూర్చున్నాను. రోజూ జరిగేదే.

కూర్చున్నాక వెలిగింది. ఆడమనిషి డ్రైవర్ పక్కన కూర్చోదు! మగాణ్ణి ముందుకు పంపి ఆ బిడ్డతల్లికి చోటివ్వాలి. కూర్చున్నవాళ్లను కదపొచ్చని నాకు తోచనే లేదు.

గేమ్ ఫోన్లోనే ఉంది. ఆటోలోనే ఆడాను. ఒక్కసారికే అయిపోయింది.

ఛీ. ఎనిమిదేళ్లుగా ఈ ఆటోలే ఎక్కుతున్నాను.

క్లాసుకు శివలీల వచ్చింది. నేను నోరు తెరిచేలోపే — "తొమ్మిదోది తీసేసినా మేడమ్. మీరు పూర్తి కాదన్నారు కదా. ఇప్పుడన్నా పాస్ చేస్తారా?"



"మళ్లీ పెట్టు."

"అది తప్పు కదా మేడమ్?"

అందరూ నన్నే చూస్తున్నారు. "తప్పు నాది. నాకు ఆడ్డం రాలేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఫిబ్రవరి 12
హెచ్‌ఓడీ సార్ అన్నాడు — "పంపిన మార్కులు మార్చాలంటే లెటర్ కావాల. తప్పు మీదేనని రాసియ్యాల. రెన్యువల్ ముందర ఇదంతా ఎందుకు సెప్పండి? ఆలోచించుకోండి." నా మంచికే చెప్పాడు. అందుకే ఇంకా భయం.

మూడుసార్లు రాసి చింపేశాను. ఒకదాంట్లో "సాంకేతిక కారణాల వల్ల" అని కూడా రాశాను. సిగ్గులేకపోతే సరి.

ఫిబ్రవరి 13
"నాకు ఆట అర్థం కాక తక్కువ మార్కులు వేశాను." సంతకం పెట్టి ఇచ్చేశాను. సార్ చదివాడు. లెటర్ ప్రిన్సిపాల్ గదిలోకి పట్టుకుపోయాడు.

వరండాలో శివలీల.

"ఎవరి తప్పని రాసినారు మేడమ్?"

"నాదే."

"అయ్యో... మిమ్మల్ని తీసేస్తారేమో!"

తన చదువు ఆగిపోయేలా ఉంది, నా ఉద్యోగం గురించి దిగులు పడుతోంది. ఈ పిల్ల నోరే మొన్న నేను మూయించింది. ఏడుపొచ్చింది. "ఏం కాదులే, పో, క్లాసుకు పో" అని కసిరాను. పోలేదు.

నాలుగున్నర. స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను. కిటికీ అవతల ఆమె ఇంకా నిలబడే ఉంది. ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకోలేదు...