కోడలు పట్నం ఎందుకు వెళుతుందంటే

లింపోపో నది ఒడ్డున మన ఇంటి నుంచి,
నవంబరు నెల.

చిరంజీవి జెరెమియస్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ సరిహద్దు అవతల గనిలో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. కులాసా అని రాయడానికి మనసొప్పలేదు, అయినా రాశాను. అలా మొదలుపెట్టకపోతే మొదటి వాక్యంలోనే కంగారు పడిపోతావని.

నీ ఉత్తరం మీ గని నుంచి సెలవుకి వచ్చిన జుజే తెచ్చి ఇచ్చాడు. అడిగినవాటికి జవాబులు చెబుతాను. ఎర్రావు ఈనింది, కోడెదూడ. ఇంటికప్పు రేకులు వచ్చాయి, గాలికి లేవకుండా పైన రాళ్ళు పెట్టించాను. మొక్కజొన్న కోతులు మిగిల్చినంత మిగిలింది. నీ కూతురు నాలియాకి కింద రెండు పళ్ళు వచ్చాయి. నా వేలు కొరికి మళ్ళీ తనే ఏడుస్తుంది. నీ దగ్గు సంగతి తర్వాత రాస్తాను, ఆ మాట దగ్గరికి రావడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

నీ పెళ్ళాం ఫెలిజ్మీనా నెల విడిచి నెల చర్చి బట్టలు కట్టుకుని పట్నం ఎందుకు వెళుతోంది, ఎవడి మోటారుసైకిలు వెనక కూర్చుని వస్తోంది అని అడిగావు. ఆ మాటలు నీ చెవిలో వేసింది మీ చిన్నాన్న జెఫనియస్ అని నాకు తెలుసు. క్రిస్మస్‌కి వచ్చి తేలుస్తాననీ, నిజమైతే ఆ పిల్లను పుట్టింటికి తరిమి ఓలి కింద ఇచ్చిన ఆవుల్ని తోలుకొస్తాననీ రాశావు. నాకు నువ్వంటే భయం నాయనా. కన్నకొడుకంటే భయమేమిటి అంటావేమో. కోపం వస్తే మీ నాన్నకి నోటి కంటే ముందు చెయ్యి లేచేది. నీదీ అదే తీరు.

పోయిన ఆదివారం మీ చిన్నాన్న ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి మన చాప మీద కూర్చున్నాడు.

"పట్నంలో నీకేం పనమ్మా, కోడలా?"

"పనుంది మామయ్యా."

"ఆ అల్బీనో అనేవాడి మోటారుసైకిలెక్కి ఊరేగే పనా?"

"దార్లో ఎండకి నడవలేకపోతుంటే ఎక్కించుకున్నాడు. వాడి పెళ్ళాన్ని అడగండి, ఆవిడే మంచినీళ్ళిచ్చింది."

"మరా సంచిలో ఏం తెస్తున్నావ్? దాచి దాచి తెస్తున్నావంట. మాకూ చూపించు."

"ఆడదాని సంచిలో ఏముందో చూసే వయసా మామయ్యా మీది?"

పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కుమన్నాడు. జెఫనియస్ మొహం మాడిపోయింది. ఇక అనకూడని మాటలు మొదలుపెట్టాడు. నేను నోరు తెరవబోయాను. ఫెలిజ్మీనా చటుక్కున పాపని నా ఒళ్ళో పెట్టి, "పిల్లకి నిద్రొస్తోంది అత్తా, లోపలికి తీసుకెళ్ళు," అంది. వద్దని కళ్ళతోనే చెప్పింది. నేను లోపల పాపని పట్టుకుని కూర్చుంటే, బయట ఆ పిల్ల నా వంతు తిట్లు కూడా తనే తింది.

ఎందుకంటే ఆ సంచిలో ఉన్నవి నా మందులు.

నాకు హెచ్.ఐ.వి. ఉంది. మీ నాన్న గని నుంచి తెచ్చాడు, దానితోనే పోయాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని ఊరికి చెప్పాం. ఇన్నేళ్ళు నీకూ అదే చెప్పాను. ఈ మందులు వాడే మా ఆరుగురం ఒక జట్టుగా చేరాం. ఆసుపత్రి దూరం, వానలకి బండ్లు రావు, ఆరుగురూ నెలనెలా వెళ్ళి వరసలో నిలబడితే పొలాలు ఏమైపోవాలి? అందుకని నెలకొకరు వెళ్ళి అందరి మందులూ తెస్తారు. వెళ్ళే ముందు అందరం ఒకచోట కూర్చుని ఎవరికి జ్వరం, ఎవరికి దగ్గు, ఎవరు మాత్రలు మానేశారు అన్నీ చెప్పుకుంటాం. ఒకరి పేరు ఇంకొకరు బయట చెప్పకూడదు, అది మా కట్టుబాటు. నా వంతు, జట్టులో ఇంకో ముసలి ప్రాణం వంతు వచ్చినప్పుడు మా మోకాళ్ళు మొరాయిస్తాయి కనుక ఫెలిజ్మీనాయే వెళుతుంది. చర్చి బట్టలు ఎందుకంటే, చిరుగుల గుడ్డతో వెళ్ళినవాళ్ళకి అక్కడ మర్యాద తక్కువ.

జట్టులో ఆ పిల్ల నాకోసం చేరలేదు. తనకీ ఉంది, తన వంతూ ఉంది. నాలియా కడుపులో ఉండగా పరీక్షలో బయటపడింది. ఒక్క పూట మానకుండా మింగింది, పాపకి రాలేదు. ఇది నీకు రాయనా అని అడిగితే, "రాయి అత్తా. నేను చెబితే మధ్యలోనే లేచి వెళ్ళిపోతాడు, నువ్వు రాస్తే చివరిదాకా చదువుతాడు," అంది. చెప్పి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. తనకీ భయమే.

ఇక నీ దగ్గు. దుమ్ము వల్ల అని రాశావు. మీ నాన్నా సరిగ్గా ఆ మాటే రాసేవాడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని పంచాయితీ పెడితే నువ్వే గెలిచావనుకో, గెలిచి ఏం చేస్తావు? మీ నాన్నలాగే నువ్వూ నా కళ్ళముందే చిక్కి పోతావేమో అని నా భయం. పరీక్ష చేయించుకున్నావా అని ఫోనులో అడుగుదామంటే నీ గదిలో ఇంకో ముగ్గురుంటారు. మందు మొదలుపెడితే బతుకుతావు జెరెమియస్. నన్ను చూడు, ఈ మోకాళ్ళతో కూర్చునే కలుపు తీస్తున్నాను.

సరిహద్దు దాటి మొజాంబిక్‌లోకి వచ్చాక నువ్వెక్కే బస్సు మన ఊరికి ముందు ఆసుపత్రి దగ్గర ఆగుతుంది. క్రిస్మస్‌కి నువ్వు వచ్చే రోజు నేను ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటాను. నువ్వు దిగితే ఇద్దరం కలిసి లోపలికి వెళదాం. నీ వేలికి సూది గుచ్చేటప్పుడు రెండో చెయ్యి నేను పట్టుకుంటాను. దిగకపోతే నేనే ఆ బస్సు ఎక్కి నీ పక్కన కూర్చుంటాను. ఇంటి దగ్గర నీకంటే ముందు దిగి గుమ్మంలో నిలబడతాను. ఫెలిజ్మీనా మీదికి చెయ్యి లేస్తే అది ముందు నా మీద పడాలి.

ఇట్లు,
నీకు భయపడుతూ, నీకోసం భయపడుతూ,
మీ అమ్మ రబేకా.