ఫెర్రీ వరుసలో మారిన కడ్డీలు

అమ్మాయీ ఇన్గున్,

మీ నాన్న చేసిన చెక్కపడవ గీతైనా పడకుండా మనవరాలు తీరిల్ ఇంటికి చేరింది. ఆ ఘనత నాది కాదు. పడవ కట్టడానికి కారు పైకప్పు కడ్డీలు నా కొత్త కారుకు సరిపడేవి కొందామని అల్లుడు స్యూర్ అంటే, పాతవి చాలని బిగించింది నేనే కదా. కార్లను అవతలి ఒడ్డుకు దాటించే ఫెర్రీ కోసం ఆగిన వరుసలో వెనక కారాయన, పేరు ఔదున్, వచ్చి కడ్డీని ఒంటిచేత్తో ఊపాడు.

"పెద్దమ్మా, ఫెర్రీ దిగాక వచ్చే సొరంగంలో గాలికి ఇది పడవతో సహా లేచిపోతుంది."

"మీ కారు సంగతి మీరు చూసుకోండి."

"చూసుకున్నాను. నాదీ ఇదే కారు. నా కడ్డీల మీద ఏ బరువూ లేదు."

తనవి విప్పి, తలుపుల పైనున్న గుంటల్లో కుదిరేలా నా కారుకు బిగించాడు. ఈలోగా ఇద్దరికీ ఫెర్రీ తప్పింది. నేను కాల్చి తెచ్చిన వాఫిల్ అట్లు మూడు తిని, ఇంకేమీ వద్దన్నాడు.

తిరుగు ప్రయాణంలో కడ్డీలు ఇచ్చేస్తాను. బీరువా పై అరలోని బూడిదరంగు ఉన్ని చేతి తొడుగులు ఈ కార్డు అంచున రాసిన ఔదున్ చిరునామాకు పంపు. అవి క్రిస్మస్‌కు స్యూర్ కోసం అల్లినవి, అతనికి వేరే అల్లుతాను. పెరట్లో ఎర్రపళ్ళు కోశారా?

అందరికీ ఆశీస్సులు. ఈ కార్డు స్యూర్‌కు పైకి చదివి వినిపించు. కడ్డీల విషయంలో అతను చెప్పిందే సరైనది; ఈ మాట రెండుసార్లు చదువు.

అమ్మ