బ్యానర్ మీద నా మొహం

మార్చి 3, సోమవారం

నా పేరు రేషన్ కార్డులో ఉంది, కావలసిన వాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. పేటలో అందరూ గుండీలమ్మ అంటారు, ఆ పేరుకే పలుకుతాను. వయసు డెబ్బై మూడు. డెబ్బై ఒకటేనని నా కొడుకు వాదిస్తాడు. నేను పుట్టినప్పుడు వాడు పక్కనున్నాడా? ఇంట్లో ముగ్గురం. నేను, కొడుకు, కోడలు. కొడుకు లారీ ఎక్కితే నెలలో ఇరవై రోజులు కనపడడు కాబట్టి ఇద్దరమనే అనుకోవచ్చు. బట్టల కంపెనీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చొక్కాలకి గుండీలు కుట్టాను. కోడలు ఇప్పుడు అక్కడే ప్యాకింగ్‌లో ఉంది. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది కోడలు. జరిగింది జరిగినట్టు, ఏ రోజుది ఆ రోజు తేదీ వేసి రాయిస్తే ఎక్కడ చూపించినా నిలుస్తుందని వీధి చివర ప్లీడరు చెప్పాడు. అందుకే ఇది.

నా కేసు ఇదీ. మా వీధి మలుపులో రెండు గదుల క్లినిక్ ఉంది. అందులో ఆడవాళ్ళకి రొమ్ము పరీక్ష చేసే మెషిన్ ఉంది. దాన్ని నడిపిస్తున్నది క్యాన్సర్ సంస్థ. రిబ్బన్ సంస్థ అంటే అందరికీ తెలుసు. ఇవాళ క్లినిక్ తలుపుకి ఒక కాగితం అంటించారు. ఇరవై రెండో తేదీ నుంచి మెషిన్ ఆగిపోతుందట. విచారణలో ఉన్న ఏ క్లినిక్‌కీ సంస్థ సాయం చెయ్యకూడదని కొత్త రూలు వచ్చిందట.

ఆ విచారణేమిటో కూడా రాయి. డాక్టరమ్మ పక్క గదిలో పిల్లలు వద్దనుకునే వాళ్ళకి మాత్రలు ఇస్తుంది. అది ఒక పార్టీకి గిట్టదు. విచారణ వెయ్యమని అడిగింది ఆ పార్టీ. సంస్థకి కొత్తగా వచ్చిన చైర్మన్‌దీ ఆ పార్టీయే, ఎన్నికల్లో నిలబడబోతున్నాడు. విచారణ మొదలైన వారానికి రూలు పుట్టింది. అది తగిలింది మా ఒక్క క్లినిక్‌కే. నాకు చదువు లేదు గానీ, చొక్కా చూసి ఎవరి కొలతకి కుట్టారో చెప్పగలను.

నాలుగేళ్ళ కిందట ఆ మెషినే నా ఎడమ రొమ్ములో గడ్డని పట్టుకుంది. రొమ్ము పోయింది, నేను ఉన్నాను. అప్పుడు సంస్థ వాళ్ళు నా ఫొటో తీసి బ్యానర్ చేశారు. వాళ్ళ ఆఫీసు గోడ మీద మూడంతస్తుల ఎత్తున నేనే. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాను. ఉన్నవి ఎనిమిదే అనుకోండి. కింద, తొందరగా చూపించుకున్నాను, బతికాను, అని ఉందట.

ఆ చూపించుకున్న చోటు మూసేసి నా మొహం ఎలా పెట్టుకుంటారు? వెళ్ళి అడుగుతాను.

మార్చి 5, బుధవారం

సంస్థ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ ఆఫీసరమ్మ ఉంది. సన్నటి మనిషి, కళ్ళజోడు. చెడ్డది కాదు. నా ఆపరేషన్ రోజున వచ్చి నా పాదాలు పట్టుకుని కూర్చుంది, అది మర్చిపోను. కుర్చీ వేసింది, నీళ్ళు ఇచ్చింది.

మెషిన్ అయినా నడపండి, నా మొహమైనా దింపండి, అన్నాను. మొదటిది నా చేతిలో లేదమ్మా అంది. రెండోది? అదీ లేదమ్మా, పదేళ్ళకి ఒప్పుకుని మీరు ముద్ర వేశారు కదా అంది. ఫైలు తీసి చూపించింది. ముద్ర నాదే. సూదులు గుచ్చుకున్న గుంటలు కూడా పడ్డాయి.

ఇది నాకు చదివి వినిపించింది ఎవరు అన్నాను. నేనే అంది. అంతా చదివావా అన్నాను. తల వంచుకుంది. వెలుతురు పోతోందని ఫొటోగ్రాఫర్ తొందర పెడితే మొదటి పేజీ చదివి ఆపేసిందట. రెండో పేజీలో ఏముందే తల్లీ అన్నాను. నేనూ సరిగ్గా చూడలేదమ్మా అంది. ఇంతలో చైర్మన్ గారు పిలుస్తున్నారని ఎవరో వచ్చారు. ఫైలు మూసి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వంక చూడలేకపోయింది.

మార్చి 6, గురువారం

కోడలు ఇవాళ ఏమీ తినలేదు. అడిగితే తలనొప్పి అంది. అబద్ధమైతే తన చేత్తో తానే రాసుకుంటోంది.

మార్చి 7, శుక్రవారం

ఇది రాయనంటోంది. రాయి.

పొద్దున్నే క్లినిక్ నర్సు వచ్చింది. మొదటి పరీక్షలో నీడ కనిపించిన పన్నెండు మందిని రెండో పరీక్షకి ఇరవై ఆరున రమ్మన్నారట. పెద్ద డాక్టరు నెలకి ఒక్కసారి, చివరి బుధవారమే వస్తాడు. ఈలోగా మెషిన్ ఆగిపోతే పన్నెండు మందీ పెద్దాసుపత్రి వరసలో చేరాలి. అక్కడ పేరు రావాలంటే మూడు నెలలు. ఇదంతా చెప్పి, మరి మీ కోడలి సంగతి ఏం ఆలోచించారమ్మా అంది. నా కోడలికేమొచ్చింది అన్నాను. నర్సు నాలిక కరుచుకుంది.

పోయిన నెల ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. కోడలు దాన్ని నా ఎదుటే పట్టుకుని, వీధిలో నీళ్ళ పైపు మారుస్తారట అత్తయ్యా అని చదివింది. ఒక్క అక్షరం తడబడలేదు. రెండు రోజులు బకెట్లన్నీ నింపి పెట్టుకున్నాను. ఆ ఉత్తరం పైపు గురించి కాదు, రెండో పరీక్షకి రమ్మని క్లినిక్ నుంచి.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు రాయక్కర్లేదు. ఎందుకు దాచావే అంటే, తెలిస్తే మీరు నా వంకే చూస్తూ కూర్చుంటారు, నాకు భయం వేస్తుంది అంది. నిజంగానే చూస్తూ కూర్చున్నాను.

ఒకసారి అనుమానం వచ్చాక ఊరుకోలేను. ఈ పుస్తకం మొదటి నుంచి నర్సు చేత చదివించాను. చెప్పింది చెప్పినట్టే ఉంది. పళ్ళ దగ్గర మాత్రం నేను ఆరన్నాను, కోడలు ఎనిమిది రాసింది. నా పరువు కోసమట.

మార్చి 10, సోమవారం

కుర్చీ తీసుకెళ్ళి సంస్థ గేటు ముందు, నా బ్యానర్ కిందే వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో గుండీల డబ్బా. చేతులు ఊరికే ఉంటే నాకు కోపం ఎక్కువవుతుంది. మధ్యాహ్నం కంపెనీ ఆడవాళ్ళు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని వచ్చారు. ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది వాళ్ళే.

దారిన పోయే ఒకాయన పైకీ కిందకీ చూసి, పైన నవ్వుతున్నారు, కింద కోపంగా ఉన్నారు, రెండిట్లో మీరెవరండీ అన్నాడు. పైది ఫొటోగ్రాఫర్ నవ్వమంటే నవ్విన మొహం నాయనా, ఇది నా సొంతం అన్నాను. ఆడవాళ్ళు పడి పడి నవ్వారు. వాచ్‌మన్ నన్ను వెళ్ళిపొమ్మని చెప్పడానికి వచ్చి, నా కుర్చీ నీడలోకి జరిపి వెళ్ళాడు.

మార్చి 12, బుధవారం

మూడో రోజు కూర్చున్నాను. చైర్మన్ కారు దిగి తనే వచ్చాడు. చొక్కాకి మంచి గుండీలు. అమ్మా అన్నాడు. మా అమ్మ కూడా ఈ జబ్బుతోనే పోయిందమ్మా అన్నాడు. కళ్ళు తడిశాయి. అది నటన కాదు, నాకు తెలుస్తుంది. అందుకే ఇంకా మండింది.

మీ కోడలి సంగతి విన్నాను, రేపే కారు పంపుతాను, ప్రైవేటు ఆసుపత్రిలో పరీక్ష చేయిస్తాను అన్నాడు. మరి మిగతా పదకొండు మందో అన్నాను. రూలు ఉంది కదమ్మా, ముందు మీ ఇంటి మనిషిని చూసుకోండి అన్నాడు. నేను చెయ్యవలసింది ఒక్కటేనట. ఇరవై మూడున సంస్థ జనాన్ని పోగేసి చేసే క్యాన్సర్ నడక ఉంది. ఆ రోజు స్టేజీ ఎక్కి నాలుగు మాటలు చెప్పాలి. గేటు ముందు నుంచి లేవాలి.

రేపు చెప్తానన్నాను.

మార్చి 13, గురువారం

ఒప్పుకున్నాను.

మార్చి 14, శుక్రవారం

నిన్న అంతకంటే రాయనంది, కలం విసిరేసింది. ఇవాళ రాస్తోంది గానీ కాగితం చిరిగేలా నొక్కుతోంది.

కోడలి మాట ఇది. నాతో ఒకే బల్ల మీద ప్యాకింగ్ చేసే వాళ్ళని వదిలేసి నేను కారెక్కితే రేపు వాళ్ళ మొహం ఎలా చూడను అంటుంది. నా మాట ఇది. నువ్వు ఉంటే కదా చూడటానికి. కోపం నాది, పంతం నాది, వాటికి నీ ఒళ్ళు పణంగా పెట్టలేను. నాకు పదకొండు మందీ కావాలి. కానీ ముందు నువ్వు కావాలి. ఇది తప్పయితే తప్పే, నా పేరు మీద రాసుకో. నేను కుట్టిన ఏ గుండీ ఊడిపోయినా ఇంత బాధ పడలేదు, ఇవాళ పడుతున్నాను.

చివరికి కారెక్కింది.

మార్చి 18, మంగళవారం

గడ్డే. చెడ్డదే. కానీ చిన్నది, తొందరగా చూశారు, తీసేస్తే సరిపోతుందన్నారు. ముప్ఫై ఒకటిన పెద్దాసుపత్రిలో ఆపరేషన్. అక్కడ పరీక్షకి వరస గానీ, గడ్డ తేలిన వాళ్ళని వెంటనే తీసుకుంటారు.

మూడు నెలలు ఆగి ఉంటే ఎలా ఉండేదని డాక్టర్ని అడిగాను. అలా ఆలోచించకండి అన్నాడు. నేను ఆలోచిస్తున్నది నా కోడలి గురించి కాదు.

కంపెనీ ఆడవాళ్ళు మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు అవతలి పక్కకి జరిగి నడుస్తున్నారు. నర్సు కూడా పలకరించలేదు. న్యాయమే.

మార్చి 22, శనివారం

మెషిన్ ఆగిపోయింది. గదికి తాళం వేశారు.

మార్చి 23, ఆదివారం

నడక రోజు. మైదానం నిండా జనం, అందరి గుండెల మీదా రిబ్బన్. స్టేజీ వెనక నా మొహం ఇంకా పెద్దది. ఆఫీసరమ్మ నాకు నాలుగు మాటలు నేర్పింది. నాకు జబ్బు వచ్చింది. తొందరగా చూపించుకున్నాను. సంస్థ ఆదుకుంది. బతికాను. నాలుగూ నిజాలే, చిక్కంతా అక్కడే.

మైకు ముందు నిలబడి నాలుగూ చెప్పాను. మాటిచ్చాక చెప్పాలి. చప్పట్లు కొట్టారు. చైర్మన్ మైకు కోసం చెయ్యి చాపాడు. ఉండు నాయనా, నీకిచ్చిన మాట అయిపోయింది, ఇది నాది అన్నాను.

చెప్పాను. నేను చూపించుకున్న గదికి నిన్న తాళం వేశారు. పరీక్ష కావలసిన పన్నెండు మందిలో ఒక్కదానికే అయింది. అది నా కోడలు. ఎందుకయిందంటే నా మొహం వీళ్ళకి కావాలి కాబట్టి. ఆమెకి గడ్డ ఉందని తేలింది. మిగతా పదకొండు మందికి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఒప్పుకున్న నాకు సిగ్గుగా ఉంది, మీరూ కొంచెం పంచుకోండి.

తర్వాత ఆఫీసరమ్మని పిలిచాను. నాలుగేళ్ళ కిందట ఆపేసిన రెండో పేజీ ఇప్పుడు చదువమ్మా, ఇప్పుడు వెలుతురు బాగా ఉంది అన్నాను. ఫైలు ఆమె సంచిలోనే ఉంది. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. పేజీ తిప్పి గట్టిగా చదివింది. ఫొటో ఇచ్చిన మనిషి ఎప్పుడు వద్దనుకున్నా, ఆ మాట రాయించి, ముద్ర వేసి, ఇద్దరు సాక్షులతో ఇస్తే, ఏడు రోజుల్లో సంస్థ ఆ ఫొటో అన్ని చోట్లా తీసెయ్యాలి. అదీ అందులో ఉన్నది. పదేళ్ళ మాట మొదటి పేజీది.

అక్కడితో మైకు ఆపేశారు. అప్పటికే జనంలో ఉన్న ఆ పదకొండు మందీ రెండో పరీక్షకి రమ్మని క్లినిక్ ఇచ్చిన కార్డులు పైకెత్తి పట్టుకున్నారు. నడక పార్కు వైపు సాగాలి. జనం మా క్లినిక్ వైపు తిరిగారు. సగం మందే అని కోడలు రాస్తానంటోంది. నాకైతే అందరూ అనిపించారు. సరే, సగం.

మార్చి 27, గురువారం

తాళం తీశారు. ఈ ఏడాదికి ఆ రూలు మా క్లినిక్‌కి వర్తించదట. పెద్ద డాక్టరు ఏప్రిల్ రెండున ప్రత్యేకంగా వస్తాడట. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. చెప్పి, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రావే, నిన్నెవరైనా ఆపారా అన్నాను.

వచ్చే ఏడాది సంగతేమిటని అడిగితే ఎవరూ చెప్పడం లేదు. చైర్మన్ మనిషిని పంపాడు. అంతా సర్దుకుంది కదా, బ్యానర్ ఉండనివ్వండి అని. ఏడాది సర్దుబాటుకి పదేళ్ళ మొహం ఇవ్వను. ఈ పుస్తకమే నా అర్జీ. వద్దంటున్నాను.

ఆఫీసరమ్మ ఉద్యోగం పోయింది. ఆమె తనే వచ్చి చెప్పింది. క్షమించమని నేనడిగాను. మీరు కాదమ్మా, నేనడగాలి అంది. ఇద్దరం కాసేపు వంతులు వేసుకున్నాం.

మార్చి 31, సోమవారం, ఉదయం పదకొండు

ఇవాళ రాస్తున్నది కోడలు కాదు. ఆఫీసరమ్మ. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాం. కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోడు. కోడల్ని లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలైంది.



పన్నెండున్నర

బయటికి తెచ్చారు. మొహం తెల్లగా ఉంది, ఊపిరి బాగుంది. తెలివి రాగానే, అత్తయ్య ఏమైనా తిన్నారా అని అడిగిందట.

తిన్నానని చెప్పమన్నాను. ఈ పుస్తకంలో నేను ఆడిన అబద్ధం ఇది ఒక్కటే.

నా ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: క్లినిక్ నర్సు. మొన్నటి దాకా సంస్థలో ఉన్న ఆఫీసరమ్మ.