నీ సీరియల్ ఇంకా రికార్డవుతోంది

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కంప్యూటర్లో నువ్వు పెట్టిన టీవీ రికార్డింగు మాత్రం ఒక్కరోజూ డ్యూటీ ఎగ్గొట్టలేదు. సాయంత్రం కాగానే నీ సీరియల్ దానంతటదే ఎక్కుతోంది. ఆపడానికి నాకు చేతులు రాలేదు. అన్నట్టు, అందులో ఆస్తి కాగితాలు దొంగిలించింది పెద్దకోడలేనని తేలిపోయింది. నువ్వు మొదటినుంచీ అంటున్నదే. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు కొట్టి ఇల్లు అదిరినప్పుడల్లా, వంటింట్లో గిన్నెలను వదిలేసి ఈ కంప్యూటర్నే పట్టుకుంటున్నాను.

ఇవాళ తెరమీద హెచ్చరిక వచ్చింది. డిస్కు నిండిందట. చోటు కోసం అన్నిటికన్నా పాతదాన్ని రేపు అదే చెరిపేస్తుందట. ఆ పాతది, క్రిస్మస్‌కు చర్చిలో నువ్వు వాక్యం చదివినది. లోకల్ కేబుల్లో వస్తుంటే నువ్వే మొట్టమొదట రికార్డు చేసుకున్నావు. నీ గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. నేను పనిచేసే రోజుల్లో గనిలో పైకప్పు రాలినప్పుడు కూడా ఇంత వణకలేదు. అప్పుడు పరుగెత్తడానికి దారి ఉండేది.

పక్క క్వార్టర్లో ఉండే టీచరమ్మ రజితను పిలిచాను.

"గింత ఫికర్ ఎందుకు కాకా? నాలుగు సీరియళ్లు తీసేస్తే జాగ అయితది. ఏది తీసెయ్యాలె?"

పేర్లకు బదులు ఏవో అంకెలే ఉన్నాయి. కొత్తవి పైన ఉంటాయనుకొని, "పైది" అన్నాను.

"తీసెయ్యనా మరి?"

"ఆగు బిడ్డా, ఒక్కసారి తెరిచి చూపెట్టు."

తెరిచింది. తెల్లచీరలో నువ్వు, మైకు ముందు గొంతు సవరించుకుంటున్నావు.