తల ఎగరేయని పరుగు

అక్కా, నేను కులాసా. గుర్రం నన్ను తన్నిందని నీకెవరో చెప్పారట. అది తన్నింది బకెట్టుని.

మా ఆడగుర్రానికి ముందుకాలి గిట్ట లోపల నరం చిరిగింది. "కుంటిదాన్ని ఎన్నాళ్ళు మేపను, అమ్మేస్తా" అని యజమాని అంటే, ఆరు నెలలు ఆగమని కాళ్ళావేళ్ళా పడ్డాను. అప్పటినుంచి రోజూ కాలికి చన్నీళ్ళు పట్టి, గట్టినేల మీద మలుపుల్లేకుండా మెల్లగా నడిపించాను. నిన్న పశువుల డాక్టరమ్మగారి ముందు మొదటిసారి పరిగెత్తించాం. నొప్పి ఉంటే ఆ కాలు నేల తాకినప్పుడల్లా తల ఎగరేస్తుంది. పగ్గం పట్టుకుని పక్కనే పరిగెత్తానన్న మాటేగాని, భయంతో దాని వైపు చూడలేకపోయాను. ఆగాక డాక్టరమ్మగారు, "ఒక్కసారీ తల ఎగరేయలేదయ్యా! ఇంకో రెండు నెలలు తొందరపడకుండా నడిపించు" అన్నారు. యజమాని దాని మెడ నిమిరి, "ఇక్కడే ఉండనీరా" అన్నారు. నేను జూలులో మొహం దాచుకుని ఏడ్చేశాను.

అందుకే ఆ రెండు నెలలూ అయ్యేదాకా రాలేను, తిట్టకు. బావ నడుంనొప్పి తగ్గిందా? నా పాత ఉన్నిచొక్కా పంపు. పాప అడుగులు వేస్తోందని రాశావు. నిదానంగా వేయనీ, పరుగు మాత్రం నేను వచ్చాక నేర్పుదాం. దానికి ముద్దులు, బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు