ఆమె కింది రాయి, నా పై రాయి

ఫిబ్రవరి 3, 1974

మళ్లీ ఆమె సంగతే. ఈయన అన్నం ముందు కూచున్నప్పటి నుంచి ఆమె. ఈయన ఫ్యాక్టరీలో కొత్త షెడ్డుకు పునాదులు తవ్వుతుంటే బయటపడ్డ ఇంట్లో, ఐదారు వందల ఏండ్ల కింద బతికిన ఆడమనిషి. ఆమె పొయ్యికి రెండు నోళ్లట. నీళ్లు చల్లగుండాలని కుండ ఇసుకలో పెట్టుకునేదట. "ఎంత తెలివి సూడు!" అంటాడు. మా కుండ కింద కూడా ఇసుకే. మూడేండ్లుగా ఆ నీళ్లే తాగుతున్నాడు.

ఫిబ్రవరి 4

కూర ఎట్లా ఉందని అడగలేదు. అడిగితే ఆమె ఏం వండేదో చెప్తాడు.

ఫిబ్రవరి 7

హైదరాబాదు నుంచి వచ్చిన తవ్వకాల మేడం చెప్పిందట. అప్పట్లో చేను ఇంటి వెనకే, మొగుడు పొద్దుగూకితే ఇంట్లోనే. ఈయనకు ఈ తవ్వకం పని అయిపోతే, వచ్చే ఒకటో తారీఖు నుంచి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.

మాకు పిండి పట్టే గిర్ని ఉంది. పటాన్‌చెరుకు బస్సు ఉంది. పక్కింట్లో రేడియో ఉంది. ఆమెకు ఇవేవీ లేవు. మొగుడున్నాడు.

కడుపు మండుతోంది... ఎప్పుడో పోయిన మనిషి మీద. సిగ్గు లేదు నాకు.

ఫిబ్రవరి 11

ఇసుర్రాయి పట్టుకుపోయాడు. పై రాయి మాత్రమే. పెళ్లిలో మా అమ్మ ఇచ్చింది. అక్కడ ఆమె కింది రాయి దొరికిందట, పైది లేదట. మేడం తిప్పి చూడాలట.

"గిర్ని ఉండంగ గా రాయితోని నీకేం పని?"

కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 12

కుదిరిందట. "సందు లేకుంట కూసున్నదే! ఆమె కోసమే చెక్కినట్టు." ఆ ముఖంలో ఎంత సంతోషం!

నాకోసం చెక్కించింది మా అమ్మ.

ఫిబ్రవరి 16

ఇంకా తేలేదు. మూలకు కింది రాయి ఒక్కటే, బోడిగా. ఎల్లుండి ఆ గుంతలో సిమెంటు పోస్తారట.

"నా రాయేది?" అన్నాను. గట్టిగానే.

"తెస్త తియ్యి."

మేడం ఏది అడిగినా జల్దీ. నాకు — తియ్యి.

ఫిబ్రవరి 17

నేనే వెళ్లాను. మట్టి మోసే ఆడవాళ్లు తట్టలు దించి చూశారు. "వచ్చిందమ్మా, సవతిని సూడ!" ఒకటే నవ్వులు. నా ఉడుకుమోత్తనం ఈయనే చెప్పి ఉంటాడు. తల ఎత్తలేదు నేను.

మేడందీ నా వయసే. ఎండకు ముఖం కమిలిపోయింది. రాయి తిప్పుతోంది, కందులు పక్కలకు చిమ్ముతున్నాయి.

"నాకు రావట్లేదమ్మా. మీరు చూపిస్తారా?"

మీరు అంది, నన్ను.

కూచున్నాను. కాలు చాపితే మడమ సరిగ్గా నేలలోని ఒక గుంటలో పడింది. నున్నగా అరిగిన గుంట. ఆమెది. ఎదురుగా ఇంకొకటి, అదీ అట్లాగే అరిగి.

"ఇద్దరు కూర్చునేవాళ్లనుకుంటా," అని మేడం అవతలి గుంత దగ్గరకు వెళ్లిపోయింది.

ఎవరు? తోటికోడలా, ఆడబిడ్డా... ఆమెకు ఎదురుగా కూచునే మనిషి కూడా ఉంది. మళ్లీ మంట.

"నువ్వు గిట్ల కూసో," అన్నాను పక్కనే నిలబడ్డ ఆయనతో. అందరి ముందు. నేనేనా?

"మొగోడు ఇసుర్తడా ఏందమ్మా!" అన్నదొక ఆమె.

"సూద్దాం తియ్యి, వస్తదో రాదో," అని కూచున్నాడు. పిడి మీద నా చెయ్యి, పైన ఆయనది. రాయి ఎంత తేలికైందో. పప్పు రాలుతోంది. అవతలి నుంచి మేడం ఆయన్ని పిలిచింది.

"వస్త మేడం, జెర ఆగుండ్రి."

లేవలేదు.

ఫిబ్రవరి 18

రాయి ఇంటికొచ్చింది. భుజం మీద మోసుకొచ్చాడు. ఆమె కింది రాయిని మేడం తీసుకుపోయిందట. ఆ రెండు గుంటల మీద సిమెంటు పోశారట.

అన్నం తింటున్నాడు. ఆమె సంగతి తీస్తాడని చూస్తున్నాను. తీయడం లేదు. నీళ్లు తాగి, "సల్లగున్నయే," అన్నాడు.

మార్చి 1

డ్యూటీ మొదలు. టిఫిన్ డబ్బా కట్టిచ్చాను. వెనక్కి చూడకుండా సైకిలెక్కాడు.

మార్చి 2

తెల్లారింది. ఫ్యాక్టరీ సైరన్ మోగి చాలాసేపైంది. చాటలో కందులు. రాయికి ఇటొక పీట, అటొక పీట. అలిసిపోయి వస్తాడు, పడుకుంటానంటాడేమో... పీట తీసేయనా?

రోడ్డు మీద సైకిలు చప్పుడు. ఆయనది కాదు.

చెయ్యి పిడి మీదే ఉంది. తిప్పడం లేదు.